మత్తు ఇంజెక్షన్ మానడానికి మళ్లీ మాత్రలా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో అనస్థీషియా టెక్నీషియన్‌గా చేసేవాడు. రెండేళ్లుగా ఫెంటానిల్ (ఆపరేషన్లో నొప్పికి ఇచ్చే మందు) ఇంజెక్షన్లు చేసుకుంటున్నాడని మాకు ఈ ఏడాదే తెలిసింది. ఆసుపత్రి వాళ్లు బయటికి పొక్కనీయకుండా ఉద్యోగం మాన్పించేశారు. ఊరి బయట ఒక రిహాబ్ సెంటర్లో 28 రోజులు ఉంచాం. ఒళ్లు చేసి, ముఖం తేటపడి ఇంటికొచ్చాడు. పన్నెండో రోజున బాత్రూమ్‌లో పడిపోయాడు. పెదాలు నీలంగా మారిపోయాయి. 108 వాళ్లు వేళకి వచ్చారు కాబట్టి బతికాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంజెక్షన్ లేదంటాడు కానీ ట్రమడాల్ అనే నొప్పి బిళ్లలు, నిద్రకి ఆల్ప్రాజోలం వేసుకుంటున్నాడు. "అక్కా, నన్ను మళ్లీ ఎక్కడైనా చేర్పించు" అని వాడే అడిగాడు. సైకియాట్రిస్టుకి చూపిస్తే ముందు వార్డులో చేరమన్నారు, తర్వాత కనీసం ఏడాది బ్యూప్రినార్ఫిన్ మాత్ర వాడాలన్నారు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, ఆయన ససేమిరా అంటున్నారు. "ఒక మత్తు మాని ఇంకో మత్తా? ఆరు నెలలు ఎక్కడైనా పడేస్తే అదే దిగుతుంది" అని ఆయన మాట. "పెళ్లి చేసేస్తే ఆడే కుదురుకుంటాడు" అని అమ్మ మాట. శ్రీకాకుళం వైపు నుంచి ఒక సంబంధం కూడా వచ్చింది. ఆసుపత్రిలో చేర్పిస్తే పోలీసు కేసవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక అక్క, ఆరిలోవ

జవాబు: అమ్మా, డాక్టరు చెప్పిన దారే పట్టండి. వార్డు కావాలి, ఆ తర్వాత మాత్ర కూడా కావాలి. ఈ రెంటిలో ఒకటి చాలనుకుంటే మాత్రం నేను మాత్రనే ఎంచుకుంటాను. మీ నాన్నగారికి ఇది మింగుడుపడదని తెలుసు. కాబట్టి ముందు ఆయన అభ్యంతరం గురించే మాట్లాడుకుందాం.

అసలు మీ తమ్ముడు పన్నెండో రోజున ఎందుకు పడిపోయాడు? రెండేళ్లు ఫెంటానిల్‌కి అలవాటుపడిన ఒంటికి ఆ డోసు తట్టుకునే శక్తి పెరుగుతూ వచ్చింది. 28 రోజులు మందు లేకపోయేసరికి ఆ తట్టుకునే శక్తి పోయింది, తపన మాత్రం పోలేదు. చేయి పాత లెక్కనే గుర్తుపెట్టుకుంది. పాత డోసే ఎక్కించుకున్నాడు, కొత్త శరీరం దాన్ని మోయలేక ఊపిరి మందగించింది. చికిత్సకు వెళ్లకముందు కంటే, మందు లేకుండా చికిత్స ముగించుకుని వచ్చిన మొదటి వారాలే ప్రాణానికి ఎక్కువ ముప్పు. ఓపియాయిడ్ (ఫెంటానిల్, మార్ఫిన్ లాంటి నల్లమందు తరహా మందులు) వ్యసనానికి చికిత్స చేసే ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. అందుకే "ఆరు నెలలు పడేస్తే" అన్న ఆలోచన నాకు భయం కలిగిస్తుంది. 28 రోజుల తర్వాత జరిగింది ఆరు నెలల తర్వాతా జరగొచ్చు. కాకపోతే అప్పటికి ఇంట్లో అందరూ ఇంకా నిశ్చింతగా ఉంటారు.

ఇక మాత్ర సంగతి. ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్, బ్యూప్రినార్ఫిన్ అన్నీ మెదడులో ఒకే రకం గ్రాహకాల (మందు అతుక్కునే చోట్ల) మీద పనిచేస్తాయి. బ్యూప్రినార్ఫిన్ వాటిని గట్టిగా పట్టుకుంటుంది కానీ సగం పనే చేస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి, అలాగన్నమాట. తర్వాత ఫెంటానిల్ వచ్చినా కూర్చోవడానికి చోటు సులువుగా దొరకదు. వణుకు, నొప్పులు, తపన తగ్గుతాయి. మనిషి తూగడు, మాట తడబడదు, పనికి వెళ్లగలడు. డోసు ఒక మేరకు మించి పెంచినా ఊపిరిని ఫెంటానిల్‌లా అణచదు. ఇలాంటి మందు మీద కొనసాగేవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని పలు దేశాల అధ్యయనాలు చూపించాయి. అవును, ఇది కూడా ఓపియాయిడే, ఒక్కసారిగా మానేస్తే దీనికీ విత్‌డ్రాయల్ (మందు ఆగడంతో వచ్చే ఒంటి బాధ) ఉంటుంది. ఆ మాట నాన్నగారి దగ్గర దాచకండి. తమ్ముడు రోజుకి నాలుగైదుసార్లు బాత్రూమ్ తలుపేసుకుని సూది గుచ్చుకోవడానికీ, పొద్దున్నే నాలుక కింద ఒక బిళ్ల పెట్టుకుని పనికి వెళ్లడానికీ మధ్య తేడా ఆయన కళ్లతో ఆయనే చూస్తారు.

నాన్నగారు యూట్యూబ్‌లో అమెరికా వీధుల్లో నడుం వంగి నిలబడిపోయిన మనుషుల వీడియోలు చూసి ఉంటే, కొడుకు కూడా అంతే అనుకుని ఉంటారు. అక్కడి కథ వేరు. దొంగగా తయారైన పొడి, నకిలీ మాత్రల్లో కలిసి జనంలోకి వస్తుంది, తీసుకునేవాడికి అందులో ఎంతుందో తెలియదు. 2022 ఒక్క ఏడాదిలోనే ఆ దేశంలో ఫెంటానిల్ లాంటి సింథటిక్ ఓపియాయిడ్ల వల్ల 70 వేల మందికి పైగా చనిపోయారు. మన దగ్గర ఫెంటానిల్ ఇప్పటికీ ప్రధానంగా ఆసుపత్రి మందే. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం ఆపరేషన్ నొప్పి కోసం తయారుచేసింది. మార్ఫిన్ కంటే దాదాపు వందరెట్లు బలం. ఒక చిన్న 2 మి.లీ. ఆంప్యూల్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పదివేలో వంతు. విశాఖలో పోలీసులకు తరచూ దొరికేవి పెంటాజోసిన్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు. ఫెంటానిల్ రోడ్డు మీద కాదు, థియేటర్లో అలవాటవుతుంది. పేషెంటుకి వాడగా సిరంజిలో మిగిలినది సాక్షి ముందు పారబోయాలి, ఖాళీ ఆంప్యూల్ తిరిగిచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. నైట్ డ్యూటీలో, వరస కేసుల మధ్య ఆ సంతకం మొక్కుబడిగా మారిన చోట మీ తమ్ముడి లాంటివాళ్లు చిక్కుకుంటారు. అనస్థీషియా డాక్టర్లూ మినహాయింపు కాదు. "నాకు డోసు తెలుసు" అన్న ధీమాయే వీళ్లకి శత్రువు.

వార్డులో ఏం జరుగుతుందో చెబుతాను, అప్పుడు సెంటర్‌ని బేరీజు వేయడం మీకు సులువవుతుంది. చివరి ఇంజెక్షనో బిళ్లో పడిన కొన్ని గంటలకి ఆవులింతలు మొదలవుతాయి. ముక్కు, కళ్లు కారతాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. రాత్రికి కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి మంచం కడ్డీని తంతూనే ఉంటారు. కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. రెండు మూడు రోజులకి తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో ఒంటి బాధ తగ్గుతుంది. నర్సు కంటిపాప ఎంత పెద్దదైందో, నాడి ఎంత వేగంగా ఉందో, చెమట, వణుకు ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేస్తుంది. ఆ మార్కులు తగినంత వచ్చాకే మొదటి బ్యూప్రినార్ఫిన్ బిళ్ల ఇస్తారు. తొందరపడి ముందే ఇస్తే, అది లోపలున్న ఫెంటానిల్‌ని ఒక్క ఉదుటున తోసేసి విత్‌డ్రాయల్‌ని పదింతలు చేస్తుంది. ఎక్కువ కాలం వాడినవారి కొవ్వులో ఫెంటానిల్ నిలవ ఉంటుంది కాబట్టి, ఒక్కోసారి రోజుకు మించి ఆగాలి, లేదా అతి చిన్న డోసుతో మొదలుపెట్టాలి. బిళ్ల నాలుక కింద పూర్తిగా కరిగేదాకా మాట్లాడకూడదు, నీళ్లు తాగకూడదు. మింగేస్తే చాలావరకు కాలేయమే ఖర్చు చేసేస్తుంది, పని జరగదు. "మాత్ర నాకు పడలేదు" అనేవాళ్లలో కొందరు మింగేసినవాళ్లే.

కొందరికి ఇదంతా ఔట్‌పేషెంట్‌గానే చేయొచ్చు. మీ తమ్ముడి విషయంలో నేను వార్డే అంటాను. ఊపిరి ఆగినంత పనై ఎంతో కాలం కాలేదు. ట్రమడాల్ డోసు పెరిగితే ఫిట్స్ వస్తాయి. ఆల్ప్రాజోలం హఠాత్తుగా ఆపితే కూడా ఫిట్స్ వస్తాయి, దాన్ని మెల్లమెల్లగా దించాలి. ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఇంట్లో ప్రయోగాలు వద్దు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు సరిపోతాయి. ఆ లోపు రక్తపరీక్షలు కూడా చేయించండి. సూది వాడినవాళ్లకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఐసీటీసీ అనే సలహా, పరీక్షల కేంద్రంలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఎక్కడ చేర్పించాలన్నది మీ అసలు బెంగ. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "పిచ్చాసుపత్రికా?" అని అమ్మ ఉలిక్కిపడతారు, ఆ పేరు మన ఊళ్లో అలా స్థిరపడిపోయింది. పేరు చూసి వెనక్కి తగ్గకండి. వ్యసన చికిత్స కూడా అక్కడి డాక్టర్ల పనే, ఖర్చు భారం ఉండదు. ప్రైవేటుకే వెళ్లాలనుకుంటే బోర్డు మీద "100 శాతం గ్యారంటీ" అని రాసిన చోటికి వెళ్లకండి. ఈ జబ్బులో గ్యారంటీ ఇచ్చేవాడు డాక్టరు కాడు. రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, ఫిట్స్ వస్తే రాత్రిపూట ఎవరు చూస్తారు, బ్యూప్రినార్ఫిన్ ఇచ్చే అనుమతి ఉందా, ఇంటివాళ్లని ఎప్పుడు కలవనిస్తారు? ఇవి అడిగితే చిరాకుపడే చోటు మీకొద్దు. గదికి బయట గొళ్లెం ఉండి, లోపలున్నవాళ్ల ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే, అక్కడ్నుంచే వెనక్కి తిరగండి. మొదటి సెంటర్లో నిద్రమాత్రలు, హితబోధలు తప్ప ఏమీ ఇవ్వలేదేమో ఒకసారి తమ్ముణ్నే అడగండి.

వాడు తనంతట తాను చేరతానన్నాడు కాబట్టి చట్టపరంగా కూడా పని తేలిక. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద స్వచ్ఛందంగా చేరినవారు ఇంటికి పోతామంటే పంపాలి, అవసరమని తోస్తే పరీక్ష కోసం 24 గంటల వరకు ఆపొచ్చు. నాలుగో రోజు రాత్రి మీ ఫోన్ మోగుతుంది, "అక్కా, తీసుకెళ్లిపో, చచ్చిపోతున్నా" అంటాడు. ఇది దాదాపు అందరూ అనే మాట. అప్పుడు మీరు నేరుగా వార్డుకి వెళ్లి కూర్చోండి, డాక్టరుతో డోసు గురించి మాట్లాడండి. బాధ భరించలేనంతగా ఉందంటే చాలాసార్లు డోసు చాలలేదని అర్థం, మనసు దిట్టం లేదని కాదు. ఫోన్‌లోనే తిట్టడం, లేదా కరిగిపోయి ఆటో కట్టించుకుని తెచ్చేయడం, రెండూ చేయకండి.

పోలీసు భయం గురించి. చికిత్స చేసే డాక్టరు మీ తమ్ముడి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతోంది. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడకం కోసమో, చిన్న పరిమాణంతోనో కేసు వచ్చిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న చోట స్వచ్ఛందంగా చికిత్సకి వచ్చి దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఆసుపత్రి మందు తీసిన విషయానికి మాత్రం ఇది వర్తించదు, అది వేరే నేరం. ఆ ఆసుపత్రి ఇంతవరకూ కదపలేదు కాబట్టి మీరూ తొందరపడి ఉత్తరాలు రాయకండి. ఏదైనా నోటీసు వస్తే జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, ఉచిత లాయరు సాయం దొరుకుతుంది.

ఇంటికొచ్చాక మీరు నేర్చుకోవాల్సిన ఒక పని ఉంది, ఇది మీ ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. పిలిచినా పలకకపోవడం, గొంతులో గరగరమనే గురక, ఊపిరికి ఊపిరికి మధ్య ఎక్కువ ఎడం, పెదాలు, గోళ్లు నీలంగా మారడం, కంటిపాపలు గుండుసూది మొనలా చిన్నవైపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, "ఓపియాయిడ్ ఓవర్‌డోసు, ఊపిరి ఆగుతోంది" అని ఈ మాటల్లోనే చెప్పండి. ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఊదండి. మజ్జిగ, నిమ్మరసం పోయకండి, నీళ్లు కొట్టి కూర్చోబెట్టకండి. ఆసుపత్రిలో ఓపియాయిడ్‌కి విరుగుడైన నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వగానే లేచి కూర్చుంటాడు. లేచాడు కదా అని సంతకం పెట్టి తెచ్చేయకండి. నాలోక్సోన్ పని గంటో గంటన్నరో, లోపలి మందు అంతకంటే ఎక్కువసేపు ఉండి మళ్లీ ఊపిరి పట్టేయొచ్చు. మాత్ర వాడుతూ బీచ్‌లో ఫ్రెండ్స్‌తో మందు కొట్టినా, దానికి ఆల్ప్రాజోలం కలిపినా ఇదే ప్రమాదం.

బ్యూప్రినార్ఫిన్ మందుల షాపులో దొరకదు, అనుమతి ఉన్న కేంద్రం నుంచే తెచ్చుకోవాలి. మొదట్లో తరచూ వెళ్లాలి. ఆ తిరుగుడుకే విసుగొచ్చి మానేసేవాళ్లున్నారు, తోడు వెళ్లేది ఎవరో ముందే తేల్చుకోండి. ఎప్పుడు తగ్గించాలో డాక్టరూ మీ తమ్ముడూ కలిసి చూసుకుంటారు, చుట్టాలు కాదు. ఓపియాయిడ్ పనిచేయకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అని ఇంకో మందు ఉంది. దానికి మత్తు లేదు, నాన్నగారికి నచ్చుతుంది. అది మొదలుపెట్టాలంటే కనీసం వారం పది రోజులు ఓపియాయిడ్ ఏదీ ఒంట్లో ఉండకూడదు. రోజూ ఒకరు ఎదురుగా ఉండి మింగించాలి. నాలుగు రోజులు ఎగ్గొట్టి పాత డోసుకి వెళితే తట్టుకునే శక్తి సున్నా. మీ తమ్ముడికి ఇప్పుడే అది నేను చెప్పను.

నాన్నగారు మూత్ర పరీక్ష కిట్ కొనుక్కొచ్చి తనిఖీ చేద్దామంటారేమో. మామూలు మార్ఫిన్ కిట్‌లో ఫెంటానిల్ పడదు, దానికి ప్రత్యేకమైన స్ట్రిప్ కావాలి. నెగటివ్ చూసి ఊరట పడి, పాజిటివ్ చూసి చేయి చేసుకునే పరీక్షైతే అసలు వద్దు. పరీక్షలు కేంద్రంలోనే చేయనివ్వండి. జేబులు వెతకడం కూడా మానేయండి. ఎక్కడ దాచాలో మీకంటే వాడికే బాగా తెలుసు. మొదటి రెండు మూడు నెలలు నిద్ర సరిగ్గా పట్టదు, దేనిమీదా ఉత్సాహం ఉండదు. బద్ధకం అనుకుని వాడి మీద విరుచుకుపడకండి.

ఉద్యోగం. థియేటర్ వద్దు, ఇంకే ఆసుపత్రి థియేటరూ వద్దు, జీతం ఎంత ఇచ్చినా. ఆ ఆంప్యూల్ పగలగొట్టే చప్పుడుకే తపన లేస్తుంది. వాడి చేతిలో ఉన్న విద్య మాత్రం పోలేదు. అనస్థీషియా మెషీన్, వెంటిలేటర్, మానిటర్ ఎలా పనిచేస్తాయో తెలిసినవాడికి వైద్యపరికరాల సర్వీసింగ్‌లో గిరాకీ ఉంటుంది. మన ఊళ్లోనే మెడ్‌టెక్ జోన్ ఉంది, అక్కడ కంపెనీల్లో ప్రయత్నించమనండి. ఆసుపత్రిలోనే ఉండాలంటే పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం నయం, అక్కడ మత్తుమందు ఉండదు.

శ్రీకాకుళం సంబంధానికి అమ్మ చేత "ఇప్పుడు చేయడం లేదండీ" అని చెప్పించండి, అంతకుమించి వివరణ అక్కర్లేదు. పెళ్లితో ఈ జబ్బు తగ్గిన మనిషిని నేను చూడలేదు. రాత్రి రెండింటికి బాత్రూమ్ తలుపు కొట్టే డ్యూటీ మీ దగ్గర్నుంచి ఇంకో ఆడపిల్లకి బదిలీ అవడం మాత్రం చూశాను. ఏడాదో రెండేళ్లో స్థిమితంగా గడిచాక వాడికే పెళ్లి చేసుకోవాలనిపిస్తే, ఆ అమ్మాయికి ముందే చెప్పి చేసుకోవాలి. అమ్మగారికి కోపం రావొచ్చు, ఆ కోపం నా మీదకి తోసేయండి.

మాట్లాడటానికి ఎవరైనా కావాలంటే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్, రెండూ ఉచితమే. 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ఏడాది మీరొక్కరే మోశారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆ నంబరు మీకు కూడా.

ఓపీకి పొద్దున్నే వెళ్లండి. ఆధార్, మొదటి సెంటర్ డిశ్చార్జి కాగితం, పడిపోయినప్పటి ఆసుపత్రి కేస్ షీట్, ఇంట్లో ఉన్న బిళ్లల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. వెళ్లే రోజు వరకు ఆల్ప్రాజోలం గానీ ట్రమడాల్ గానీ మీ అంతట మీరు ఆపేయకండి, అలాగని పెంచనీయకండి కూడా. చివరిసారి ఏది, ఎంత, ఏ గంటకి తీసుకున్నాడో డాక్టరుకి వాడే నిజం చెప్పాలి. మీరు పక్కనుంటే నోరు పెగలకపోవచ్చు, ఆ ఐదు నిమిషాలు మీరు బయట బెంచీ మీద కూర్చోండి. మొదటి మాత్ర ఎప్పుడివ్వాలో ఆ జవాబును బట్టే డాక్టరు నిర్ణయిస్తారు.